సిరీస్ ఒక్కసారిగా చూడాలా, వారానికొకటి చూడాలా?

ముందు కథ తీరు చూడండి. పాత్రలు ఎక్కువై, కాలం ముందుకీ వెనక్కీ దూకే కథైతే రెండు మూడు రోజుల్లో వరసగా చూడటమే మేలు. వారం ఆగితే ఎవరు ఎవరో మర్చిపోతారు. నేరస్థుడెవరో ఊహించుకుంటూ చూసేదైతే వారానికొకటే చాలు, ఆ ఊహల్లోనే సగం మజా ఉంది. ఇరవై నిమిషాల కామెడీలకు ఈ లెక్కలేం అక్కర్లేదు.

వరసగా చూసేవాళ్లను ముంచేది ఆటోప్లే. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి, మీ ప్రొఫైల్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్ దగ్గర టిక్ తీసేసి, సేవ్ చేయండి.

ఎపిసోడ్ చివర్లో ఆపాలనుకోవడం దండగ. రచయితలు ఉత్కంఠ పెట్టేదే అక్కడ. తర్వాతి ఎపిసోడ్ పది, పదిహేను నిమిషాలు చూడండి, ఆ ముడి చాలావరకు అక్కడే విడిపోతుంది. అప్పుడు ఆపితే నిద్ర చెడదు. ఒక పూటకి గంట నిడివివి మూడు మించితే సన్నివేశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

వారం వారం చూసేవాళ్లు 'ఇంతవరకు జరిగిన కథ'ను స్కిప్ చేయొద్దు. ఈ ఎపిసోడ్‌కి పనికొచ్చే పాత సన్నివేశాలనే అందులో ఏరి పెడతారు. అదే కాస్త లీకు కూడా, మర్చిపోయిన పాత్ర కనబడిందంటే మళ్లీ వస్తుందన్నమాట! స్పాయిలర్ల బెడద ఉంటే సిరీస్ పేరు, ముఖ్య పాత్రల పేర్లు ఎక్స్‌లో మ్యూట్ చేయండి, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌ని మాత్రం ఇలా ఆపలేం. చూసేదాకా అటు వెళ్లకపోవడమే.