పిల్లలతో వంటపని: ఎక్కడ చెడుతుంది, ఎలా సర్దుకోవాలి

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల చేతికి వంటపని ఇచ్చినప్పుడు బెజవాడ, గుంటూరు ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కులు ఇవి. వీటిలో చాలావాటికి కారణం పిల్లల అల్లరి కాదు. గిన్నె చిన్నదై ఉంటుంది, పని ఎక్కువై ఉంటుంది, లేదా వేళ కాని వేళ పిలిచి ఉంటారు. కోప్పడే ముందు ఈ మూడూ చూసుకోండి.

మొదలుపెట్టిన రెండు నిమిషాలకే లేచిపోతున్నారు

రైతుబజారు నుంచి తెచ్చిన నాలుగు కట్టల గోంగూర చాటలో కుప్పపోసి "ఆకు తుంచమ్మా" అంటే, ఆ పని ఎప్పటికి తెములుతుందో నాలుగేళ్ల పిల్లకు అంతుపట్టదు. గుప్పెడు రెమ్మలు విడిగా తీసి, పక్కన ఖాళీ గిన్నె పెట్టండి. గిన్నె నిండితే పని అయిపోయినట్టే. ఈ వయసుకి పది నిమిషాల పని చాలా ఎక్కువ. ఇంకా కావాలని అడిగితే ఇంకో గుప్పెడు.

గోరుచిక్కుళ్లు విరవడం, చిక్కుళ్లకు ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం ఈ వయసుకి బాగుంటాయి. వెల్లుల్లి ఒలవడం గోళ్లకు కష్టం. రెబ్బల్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఇస్తే పొట్టు జారిపోతుంది.

రెండో కారణం వేళ. పొద్దున ఏడు గంటలకు, స్కూలు వ్యాను వచ్చేలోపు క్యారేజీలు సర్దుతూ పిల్లల్ని పనికి పిలవకండి. ఆదివారం ఉదయమో, సెలవురోజు సాయంత్రమో పెట్టుకోండి. వేసవిలో అయితే ఎనిమిదిలోపు ముగించాలి. స్టవ్ వెలిగితే ఫ్యాను ఆపాలి కాబట్టి, ఒలిచే పనీ కలిపే పనీ హాల్లో ఫ్యాను కింద చాప మీద పెట్టుకోవడమే మేలు.

మొదట్లో వచ్చేవాడు, ఇప్పుడు పిలిచినా రావడం లేదు

వాడు తుంచిన ఆకుని వాడి ముందే మళ్లీ ఏరుతున్నారేమో చూసుకోండి. కాడలు కలిస్తే పప్పులో పీచు తగిలే మాట నిజమే. ఏరాల్సిందే, కానీ కడిగేటప్పుడు ఏరండి.

పిండి గచ్చంతా పడుతోంది

వంటగట్టు దాదాపు అయిదేళ్ల పిల్లల ఛాతీ ఎత్తు ఉంటుంది. మోచేతులు పైకెత్తి కలపాల్సి రావడంతో పిండి ఎగిరిపోతుంది. ప్లాస్టిక్ స్టూలు ఎక్కించడం పరిష్కారం కాదు, అది నున్నటి టైల్సు మీద జారుతుంది, పైగా పక్కనే స్టవ్ ఉంటుంది. కింద పీట వేసి కూర్చోబెట్టండి. లోతుగిన్నె కాకుండా వెడల్పాటి బేసిన్ ఇచ్చి, దాని కింద తడిగుడ్డ మడత పెడితే బేసిన్ గిరగిరా తిరగదు. ఆ కాసేపూ ఫ్యాను ఆపండి.

చపాతీ పిండి జారుగా అయి చేతికి అతుక్కుంటోంది

పిల్లలకి పిండి కలపడం కన్నా నీళ్లు పోయడమే సరదా. అందుకే నీళ్లు కొలిచి ఇవ్వాలి. 150 గ్రాముల గోధుమపిండికి 90 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. ఆ కొలతలోంచి రెండు చెంచాలు మీ దగ్గర ఉంచుకుని, మిగతావి చిన్న గ్లాసులో పోసి ఇవ్వండి. చెంచాతో పోస్తే వాళ్లకు పోసే సరదా తీరుతుంది, పిండీ పాడవదు.

అప్పటికే జారిపోతే వెంటనే పొడిపిండి గుమ్మరించకండి. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. గోధుమపిండిలో తవుడు ఉంటుంది, అది నెమ్మదిగా నీళ్లు పీల్చుకుంటుంది. సగం బంక దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ అంటుకుంటే ఒక్కో చెంచా పొడిపిండి చల్లుతూ చూడండి. పిల్లల అరచేతులకు అర చెంచా నూనె రాస్తే వేళ్ల సందుల్లో పట్టదు. పిండి పగుళ్లు తేలి గట్టిగా ఉంటే నీళ్లు పోయొద్దు, చేతులు తడుపుకుని పిసకమనండి. ఆ తడి చాలు.

వత్తేటప్పుడు పీటకి అతుక్కుంటోందంటే ఒకేచోట కర్రతో అదిమేస్తున్నారన్నమాట. నిమ్మకాయంత ఉండ, చిటికెడు పొడిపిండి, రెండుసార్లు వత్తగానే చపాతీని కాస్త తిప్పడం. ఈ తిప్పడమే నేర్పాలి, గుండ్రం దానంతటదే వస్తుంది. గుండ్రంగా రాలేదని ఏడుస్తుంటే పదునంచు ఉన్న స్టీలు గిన్నె బోర్లించి నొక్కించండి. అంచులు మందంగా మిగిలిన చపాతీని సన్నసెగ మీద ఎక్కువసేపు కాల్చాలి, లేకపోతే అంచు పచ్చిగా ఉంటుంది.

పచ్చిపిండి నోట్లో పెట్టుకోవడం అలవాటు కానీయకండి, కడుపునొప్పి వచ్చే అవకాశం ఉంది.

చేతులు మండుతున్నాయని ఏడుస్తోంది

గుంటూరు సీమలో ఈ చిక్కు ఇంటింటికీ ఉన్నదే. పిల్లల చేత మిరపకాయ కోయించకపోయినా మంట అంటుకుంటుంది. కారం తీసిన చెంచా, మిర్చి కోసిన చెయ్యి తుడిచిన తువ్వాలు, కడగని చెక్క పలక, వీటిలో ఏదో ఒకటి తగిలి ఉంటుంది. మంట పుట్టించే కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. ఉత్త నీళ్లతో ఎంత కడిగినా తగ్గకపోవడానికి కారణం అదే.

చేతులకు వంటనూనె రాసి ఒక నిమిషం రుద్దండి. తరవాత గిన్నెల సబ్బుతో కడగండి. మంట ఉంటే మళ్లీ నూనె, మళ్లీ సబ్బు. నోరు మండితే నీళ్లు కాకుండా పాలు గానీ పెరుగు గానీ ఇవ్వండి. కంట్లో పడితే నూనె జోలికి పోవద్దు. రుద్దనివ్వకుండా, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ పావుగంట కడగండి. ఆ తరవాతా కన్ను తెరవలేకపోతే డాక్టరుకు చూపించాలి.

ముందుజాగ్రత్త ఒక్కటే: పిల్లలకు వేరే తువ్వాలు, వేరే చెంచాలు.

ఆవకాయ రోజు పిల్లల్ని ఏం చేయాలో తెలియడం లేదు

పంపించేయనక్కర్లేదు, వాళ్లకి తగిన పని ఉంది. కొట్టించి తెచ్చిన ముక్కలకు టెంకె లోపలి పొర తీయడం, పొడిగుడ్డతో తుడవడం. కాయ కొట్టక ముందే నీళ్లలో వేసి సొన పోయేలా కడిగి ఆరబెట్టి ఉండాలి, సొన తగిలితే లేత చర్మం పొక్కుతుంది. పిల్లలు తుడిచిన ముక్కలో చెమ్మ మిగులుతుంది, ఆ చెమ్మే తరవాత బూజుకి దారి. ఆ ముక్కల్ని పొడిబట్ట మీద పరిచి గంటసేపు ఫ్యాను కింద ఆరబెట్టి, మీరూ ఒకసారి తడిమి చూడండి. కారం, ఆవపిండి డబ్బాల మూతలు తీసే ముందు పిల్లల్ని మాత్రం వేరే గదిలోకి పంపాలి. గాల్లోకి లేచిన పొడి కళ్లలో పడుతుంది.

పులిహోర కలుపుతూ చెయ్యి కాల్చుకున్నాడు, లేదా అన్నం ముద్దయింది

రెండింటికీ మూలం అన్నం సరిగా ఆరకపోవడమే. పైపైన చల్లగా తగిలినా కుప్ప నడుమ ఆవిరి అలాగే ఉంటుంది. పెద్ద పళ్లెంలో అంగుళం మందానికి మించకుండా పరిచి, పావుగంట ఫ్యాను కింద ఉంచండి. పిల్లాడి చెయ్యి పెట్టించే ముందు మీ వేళ్లు అడుగుదాకా దించి చూడండి.

ముద్దయ్యేది నీళ్లు ఎక్కువైతే. రోజూ గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసులు పోసేవాళ్లు పులిహోరకి రెండుతో ఆపాలి. ఆరేటప్పుడే చెంచాడు నూనె, పసుపు చల్లి, అయిదు వేళ్లూ విప్పి కిందనుంచి పైకి తేల్చమనండి. పిడికిలి బిగించి పిసికితే మెతుకు విరిగిపోతుంది.

నిమ్మకాయ పిండడం చేతకావడం లేదంటే, కోసే ముందు కాయని అరచేత్తో గచ్చు మీద అదిమి దొర్లించమనండి. రసం తేలిగ్గా దిగుతుంది. పోపులోని వేరుశనగ గుళ్లు నాలుగేళ్లలోపు పిల్లల వాటాలో వేయకండి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

కోస్తుంటే ముక్క జారిపోతోంది

కత్తిపీట దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. అయిదేళ్లలోపు వాళ్లకి అరటిపండు, ఉడికిన బంగాళాదుంప, మొద్దుగా ఉన్న చెంచా అంచు చాలు. ఆరేడేళ్ల వాళ్లకి చిన్న కత్తి ఇవ్వొచ్చు, మీరు పక్కనే కూర్చోవాలి. కాయ గుండ్రంగా ఉంటే దొర్లుతుంది కాబట్టి మీరే నిలువుగా రెండు చేసి, చదునైన వైపు కిందకి పెట్టి ఇవ్వండి. పట్టుకునే చేతివేళ్లు లోపలికి ముడవాలి. బెండకాయ జిగురు సాగుతోందంటే తడిగా ఉందని అర్థం. కాయలు తుడిచే పని ముందే పిల్లలకి అప్పజెప్పండి.

మీగడ చిలుకుతుంటే వెన్న పడటం లేదు

పిల్లలకి కవ్వం ఇస్తే సరదాగా చిలుకుతారు, కానీ మే నెలలో వెన్న తేలకుండా నూనెలా జారుతుంది. మీగడ వేడెక్కిపోవడం వల్ల కొవ్వు గడ్డకట్టదు. మీగడని గంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి, చిలికేటప్పుడు గుప్పెడు ఐసుముక్కలు వేయండి. డిసెంబరులో వచ్చే చిక్కు దీనికి ఎదురు. కొవ్వు మరీ బిగుసుకుని వెన్న చేరదు, అప్పుడు కాసిని గోరువెచ్చని నీళ్లు పోయాలి.

స్టవ్ దగ్గరికి వస్తానని మారాం

ఈ ఒక్క విషయంలో బేరం లేదు. పోపు వేసేటప్పుడు, కుక్కరు మూత తీసేటప్పుడు పిల్లలు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. ఆవాలు చిట్లుతాయి, తడి కరివేపాకు నూనెలో పడితే ఇంకా దూరం చిందుతుంది. కరివేపాకు రెబ్బలు దూసి తుడిచి పెట్టే పని వాళ్లకిచ్చి, నూనెలో మీరే వేయండి. పెనం, మూకుడు కాడలు గట్టు బయటికి రాకుండా లోపలికి తిప్పి ఉంచండి. వాడుక అయిపోగానే సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి.

కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. వేసవి మధ్యాహ్నం మన కుళాయిల్లో వచ్చేవి మేడ మీది ట్యాంకులో కాగిన నీళ్లు, వాటితో లాభం లేదు. బిందెలో నీళ్లో, క్యాను నీళ్లో చెంబుతో ధారగా పోయండి. ఐసు, పేస్టు, పసుపు ఏదీ పెట్టొద్దు. బొబ్బ లేచినా, ముఖానికి గానీ అరచేతికి గానీ కాలినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గుడ్డు ఒలుస్తుంటే పెంకుతో తెల్లసొన ఊడొస్తోంది

గుడ్డు మరీ తాజాది అయ్యుంటుంది. నాలుగైదు రోజుల క్రితం తెచ్చినవి ఉడికించండి. దించగానే చల్లనీళ్లలో వేసి, వెడల్పు వైపునుంచి ఒలవమనండి.

తాను చేసిందే తినడం లేదు

చేస్తూ చేస్తూ రుచి చూసి కడుపు నింపుకుని ఉంటారు, లేదా ఘాటు ఎక్కువై ఉంటుంది. మిరపకాయలు వేయకముందే వాళ్ల వాటా తీసిపెట్టండి. తినమని బలవంతపెట్టకుండా, అందరితోపాటే వడ్డించండి.

గౌనుకి పసుపు మరక, సబ్బు పెడితే ఎర్రగా మారింది

పసుపుకి సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బట్ట పాడైనట్టు కాదు. బాగా జాడించి, తడిగా ఉండగానే మరక వైపు ఎండకి పెట్టండి. ఎండకు పసుపు రంగు నిలవదు. ఒకసారికి పోకపోతే మళ్లీ తడిపి ఆరేయండి.