ధా, దాబ్ కత్తులకు పిడి పొడవు, తూకం చూసుకోవడం

బర్మా ధా, థాయ్‌లాండ్ దాబ్ చూడగానే చాలామంది అడిగేది ఒకటే: ‘పిడి ఇంత పొడవుంది, రెండు చేతులతో పట్టుకోవడానికేనా?’ జపాన్ కత్తుల అలవాటుతో వచ్చే ప్రశ్న ఇది. థాయ్ యుద్ధవిద్య క్రాబీ క్రాబోంగ్‌లో చేతికొక దాబ్ పట్టి ఆడే పద్ధతి ఉంది. 1773లో బర్మా సేనతో పోరాడుతూ తన జంట కత్తుల్లో ఒకటి విరగ్గొట్టుకున్న పిచాయ్ సేనానికి ‘విరిగిన కత్తి’ అన్న బిరుదే మిగిలిపోయింది. ఒక్కో చేతిలో ఒక్కోటి ఉన్నప్పుడు కూడా ఆ పిడులు పొడుగ్గానే ఉంటాయి. చేయి ముందుకూ వెనక్కూ జరగడానికే ఆ చోటు అని నా లెక్క. సాధన కత్తులకు పిడులు చెక్కేటప్పుడు నేను చూసేది దాన్నే.

ముందు తూకం. ఒర పక్కన పెట్టి, వాదరకు మందపాటి గుడ్డ చుట్టి, అలుగును అడ్డంగా పెన్సిలు మీద పెట్టండి. ఎటూ వాలకుండా నిలిచిన చోట సుద్దతో గీత గీయండి. అక్కడినుంచి పిడి మొదలు వరకు కొలిచి ‘తూకం ఇంత’ అని రాసేసుకోవడం అందరూ చేసే పని. ఈ కత్తుల విషయంలో ఆ అంకె ఒక్కటీ సగం సంగతే చెబుతుంది. మీ పిడికిలి మధ్యనుంచి ఆ గీత వరకు కూడా కొలవాలి.

అలుగు 50, పిడి 26 సెంటీమీటర్లు ఉన్న కత్తి అనుకుందాం. బరువు 700 గ్రాములు. తూకం గీత పిడికి 12 సెంటీమీటర్ల ముందు ఉంది. అలుగుకు ఆనుకుని పట్టుకుంటే పిడికిలి మధ్యనుంచి గీతకు సుమారు 17 సెంటీమీటర్లు. అదే పిడి చివర పట్టుకుంటే 33. కత్తి బరువు ఒక్క గ్రాము మారలేదు, మణికట్టు మీద భారం మాత్రం దాదాపు రెట్టింపైంది. ముందు పట్టులో చురుకైన కత్తి, వెనక పట్టులో నరికే కత్తి, రెండూ ఒకే పిడిలో ఉన్నాయన్నమాట.

ఇక దెబ్బ ఎక్కడ పడాలో చూడాలి. నాకు బాగా నచ్చే పరీక్ష ఇదే, కావలసింది ఒక దారం, ఒక ఇనుప నట్టు. పిడికిలి మధ్య పడే చోట పిడిని రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టి, మొన కిందికి వేలాడదీసి, కొద్దిగా ఊపండి. పక్కనే నట్టు కట్టిన దారాన్ని అదే ఎత్తునుంచి వేలాడదీసి ఊపండి. నట్టు తొందరపడితే దారం పెంచండి, వెనకబడితే తగ్గించండి. రెండూ ఒకే లయలో ఊగినప్పుడు నట్టు ఎదురుగా అలుగు మీద గీత పెట్టండి. ఆ చోట దెబ్బ పడితే చేతికి అదురు దాదాపు తెలియదు. ఇప్పుడు పట్టు పిడి చివరికి మార్చి మళ్లీ చూడండి. గీత మొన వైపు పోతుందని ఊహిస్తాం, కానీ అది అలుగు మధ్యకు దిగి వస్తుంది. పైన చెప్పిన కొలతల కత్తికైతే ముందు పట్టులో మొనకు పది సెంటీమీటర్ల దగ్గర, వెనక పట్టులో నడిమికి కాస్త అటూ ఇటూ పడుతుంది. వెనక పట్టి మొనతో కొట్టేవాళ్లకు చేయి ఎందుకు జిల్లుమంటుందో ఇక్కడ తెలిసిపోతుంది.

పిడి పొడవు నిర్ణయించేటప్పుడు కనీసం రెండు పిడికిళ్లు, ఆపైన కాస్త చోటు వదలండి. గరిష్ఠం ఎంతో మీ ముంజేయి చెబుతుంది. అలుగు దగ్గర పట్టి మణికట్టు తిప్పండి, పిడి చివర ముంజేతికి తగిలితే కోయాల్సిందే. జంట కత్తులకైతే ఇంకొంచెం తగ్గిస్తాను, లేకపోతే ఒకదాని చివర రెండో చేతి దారికి అడ్డొస్తుంది.

మొన బరువుగా ఉందని పిడి పెంచుతారు కొందరు. మూడు సెంటీమీటర్ల మందం టేకు మరో ఎనిమిది సెంటీమీటర్లు పెంచితే 40 గ్రాములు కూడా రావు, తూకం రెండు సెంటీమీటర్లు వెనక్కి వస్తుంది, అంతే. పిడి చివర సీసం పోయడం అంతకన్నా చెడ్డ పని. పెన్సిలు మీద తూకం ముచ్చటగా కుదురుతుంది, కత్తి తిప్పబోతే మొండికేస్తుంది. మొన బరువును అలుగు దగ్గరే తగ్గించాలి: వెన్ను మందం పిడి దగ్గరనుంచి మొన వైపు సన్నబడుతూ పోవాలి. అది కమ్మరి పని.

పిడి లోపలి సంగతి మరవకండి. ఈ కత్తులు చాలావాటిలో పిడిలోకి దిగే ఇనుప ముల్లు పొట్టిగా ఉంటుంది, దాన్ని లక్కతోనో జిగురుతోనో బిగిస్తారు. పొడవాటి పిడిలో వెనక భాగం ఉత్త కర్రే. వెన్ను మీద చెక్కతో తట్టి పిడిని చెవి దగ్గర పెట్టుకోండి. గలగలమంటే ఊపే పరీక్ష కూడా వద్దు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో వదిలేసిన కత్తిని నమ్మకండి. పాతకాలపు కత్తులను కొలవడం వరకే, విసరడం కూడదు.

పిడి గుండ్రంగా ఉంటే వాదర ఎటు తిరిగిందో చేతికి తెలియదు. సాధన కత్తికి నేను పక్కలు కొద్దిగా చెక్కి కోలగా చేస్తాను. సంప్రదాయం తెలిసినవారు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. పేము అల్లికో తాడో చుట్టాక మందం, బరువు రెండూ మారతాయి. అందుకని సుద్ద గీతలు చెరిపేసి, చుట్టు పూర్తయ్యాక రెండు పట్టులలోనూ మళ్లీ కొలవండి.