గుద్దుకున్నాక ముందు చక్రం దగ్గర టక్ టక్‌మంటోందా?

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్, జయపురం తిరిగే బళ్లు ఆవునో, రోడ్డు పక్క రాయినో గుద్దడం మామూలే. బంపరు, పెయింటు పని అయిపోయాక కింద టక్ టక్ మొదలవుతుంది. చాలామంది మెకానిక్‌లు వినగానే షాకబ్జర్లు మార్చేద్దామంటారు. కాస్త ఆగండి.

ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా స్పీడ్‌బ్రేకర్ మెల్లగా దాటండి. తర్వాత ఒక్క చక్రమే గోతిలో దిగేలా పోనివ్వండి. ఈ రెండోసారి మాత్రమే చప్పుడొస్తే మొదటి అనుమానం స్టెబిలైజర్ లింకు మీదే (రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బారును చక్రం వైపు కలిపే చిన్న కడ్డీ). రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బారు మెలి తిరగదు, లింకు పలకదు. షాకబ్జర్ల జతతో పోలిస్తే చవక కూడా. బ్రేకు వేసినప్పుడో, రివర్స్‌లోనో ఒక్క దెబ్బలా టక్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) రబ్బరు బుష్ చూడమనండి. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే మోగితే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన కాలు) పైకొసన ఉండే మౌంటు.

స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు టైరు వెనకంచు నుంచి డోరు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి (కొత్త బంపరు నుంచి కొలిస్తే నమ్మలేం). తేడా ఉంటే ఆర్మో, సబ్‌ఫ్రేమో (ఆర్మ్‌లు బిగించే కింది చట్రం) వంగి ఉండొచ్చు. అది తేల్చకుండా అలైన్‌మెంట్‌కి డబ్బు తగలెయ్యొద్దు. బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) లూజుగా ఆడుతుంటే మాత్రం ఘాట్ దిగకండి, బండిని లాగించుకుపోవడమే.