సంభాషణ రాయడం – 4వ పాఠం: నువ్వు, మీరు, రెండూ కాని మాట

పోయిన పాఠంలో, అడిగినదానికి నేరుగా జవాబివ్వని పాత్రల్ని చూశాం. ఈసారి పిలుపుల సంగతి. తెలుగులో మనిషి నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లకు ఎంత దూరంలో నిలబడ్డాడో తెలిసిపోతుంది. వచ్చావా, వచ్చారా: తేడా అంతా క్రియ చివరే ఉంది. చేతిలో ఇంత మంచి పనిముట్టు పెట్టుకుని "కోపంగా అన్నాడు", "చనువుగా అంది" అని రాయడం నిజంగా నష్టం.

చిక్కడపల్లిలో ఒక అద్దె గది. కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, ఇంటి ఓనరు.

"అంకుల్, ఈ నెల అద్దె ఇవ్వడం ఆలస్యమవుతుంది."
"కుదరదు. నువ్వు ఐదో తారీఖున ఇస్తానన్నావు" అని ఓనరు కోపంగా అన్నాడు.

విషయం తెలిసింది కానీ ఎవరి గొంతూ వినపడలేదు. మళ్లీ రాద్దాం.

"అంకుల్, మోటరు మళ్లీ పాడైందా? పొద్దున నీళ్లు రాలేదు."
"నీళ్లు వస్తయ్ గని బాబూ, ఇయ్యాల తారీఖెంత?"
"పదకొండు."
"పదకొండు."
"జీతం ఇంకా పడలేదు సార్."
"ఐదుకిస్తనన్నవ్."

అద్దె అన్న మాటే రాలేదు. ఒకరు ఒకసారి అనేదంతా ఒక మాట అనుకుంటే, ఐదో మాటకొచ్చేసరికి అంకుల్ సార్ అయ్యాడు. కుర్రాడు భయపడ్డాడని మనం చెప్పక్కర్లేదు. ఓనరు "బాబూ" వదిలేశాడు. కోపం అక్కడుంది.

పిలుపు వేరు, క్రియ వేరు అని గుర్తుంచుకోండి. "అన్నా, కోఠి వస్తవా?" అని ఆటో ఆపినప్పుడు పిలుపులో గౌరవం, క్రియలో చనువు ఉన్నాయి. "బాబూ, వస్తావా?" అంటే వయసు పైచేయి. కోపమొస్తే మర్యాద తగ్గాలనీ లేదు. ఇరవై ఏళ్ల స్నేహితుడు ఉన్నట్టుండి "మీరు పెద్దవాళ్లు, మీకేం తెలీదులెండి" అంటే, ఆ "మీరు" తిట్టుకన్నా గట్టిగా తగులుతుంది. కథలో ఇలాంటి మార్పు ఒక్కసారే వాడండి. రెండోసారికి పాఠకుడు ముందే కనిపెడతాడు.

మూడో దారి ఒకటుంది, రాసేవాళ్లు తరచూ మరిచిపోయేది. నువ్వనాలో మీరనాలో తేలనప్పుడు మనవాళ్లు రెండూ తప్పించుకుంటారు. "ఎక్కడికి?", "ఇంటికేనా?", "టీ కావాలా?" అంటారు. కొత్తగా ఆఫీసులో చేరినవాళ్లు, పెళ్లిచూపుల్లో ఒంటరిగా మిగిలిన ఇద్దరు, చాలా ఏళ్లకు ఎదురుపడ్డ క్లాస్‌మేట్లు ఇలాగే మాట్లాడతారు. ఆ తడబాటంతా వాక్యంలోనే పట్టొచ్చు.

ఇక సర్వనామం. క్రియే ఎవరో చెబుతుంది కాబట్టి "నేను", "నువ్వు" చాలాచోట్ల అక్కర్లేదు. అక్కర్లేనిచోట ఉంటే వేలెత్తి చూపినట్టవుతుంది. "డబ్బులు తీసుకున్నావా?" మామూలు ప్రశ్న. "డబ్బులు నువ్వు తీసుకున్నావా?" అనుమానం. చిత్తుప్రతిలో ప్రతి "నువ్వు" మీదా పెన్సిలు పెట్టి, తీసేసి పైకి చదవండి. అర్థం మారకపోతే కొట్టేయండి. పేర్లూ అంతే. పది మాటల్లో పిలుపు రెండుసార్లు మించితే రేడియో నాటకంలా వినిపిస్తుంది. అక్కడ మనుషులు కనపడరు కాబట్టి పేర్లు కావాలి, కథలో వద్దు.

యాస విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ప్రతి మాటనీ వంచి రాయడం. చదివేవాళ్లు కూడబలుక్కోవాల్సి వస్తుంది. క్రియల చివర్లు పట్టుకుంటే చాలు: వచ్చిండు, పోతున్నవ్, తెల్వదు. ఒకే నోట "వచ్చిండు", "వచ్చాడు" రెండూ రావచ్చు, హైదరాబాదులో రోజూ వినేదే. అయితే వినేవాళ్లు మారినప్పుడే మారాలి: అమ్మతో ఒకటి, మేనేజరుతో ఇంకొకటి. కారణం లేకుండా మారితే అది రచయిత పొరపాటుగానే కనిపిస్తుంది.

ఈ వారం అభ్యాసం. అమీర్‌పేట మెట్రో స్టేషన్, మియాపూర్–ఎల్బీనగర్ లైను దిగి నాగోల్ వైపు మారే మెట్ల దగ్గర, పదేళ్ల కింద ఒకే గదిలో ఉన్న ఇద్దరు ఎదురుపడ్డారు. ఒకరు మరొకరికి బాకీ. పన్నెండు మాటలు రాయండి. మొదటి ఆరింటిలో నువ్వు, మీరు, వాటి క్రియలు ఏవీ రాకూడదు. ఏడో మాటలో ఒకరు "నువ్వు" అనాలి, ఎనిమిదోదాంట్లో రెండోవారు "మీరు" అనే బదులివ్వాలి. బాకీ అన్న మాట ఎక్కడా రాకూడదు. "అన్నాడు", "అంది" మూడుసార్లకు మించొద్దు. ఒకరోజు పక్కనపెట్టి, ఇద్దరిచేత చెరో పాత్రా పైకి చదివించండి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ గీత గీయండి. వచ్చే పాఠం ఆ గీతల దగ్గర మొదలుపెడదాం.