హెల్ప్‌లైన్‌లో వినడం ఎలా? నాలుగో పాఠం: ఆ మాట సూటిగా అడగడం

ఫోన్ ఎత్తాక మొదటి రెండు నిమిషాల గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. సలహా గొంతు దాకా వచ్చినా ఆపుకుని వినాలన్నాం. ఈసారి కొత్తవాళ్లందరూ భయపడే చోటికి వద్దాం. అవతలివాళ్లు చనిపోవాలనుకుంటున్నారేమోనని మనకు అనుమానం వచ్చింది. ఎలా అడగాలి?

చేరిన కొత్తలో నేను ఇలా అడిగేదాన్ని: "పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోవట్లేదు కదా?" ఒక రాత్రి ఒకమ్మాయి "లేదు మేడం" అని వెంటనే పెట్టేసింది. పక్క కుర్చీలో ఉన్న సీనియర్ ఒకే మాట అన్నారు: "లేదని చెప్పమని నువ్వే అడిగావు." ఆ రాత్రి మళ్లీ ఆ అమ్మాయి ఫోన్ రాలేదు. "పిచ్చి" అనగానే తను తప్పు చేస్తోందని తేల్చేశాను. "కదా" అనగానే జవాబూ నేనే చెప్పేశాను. ఇక తను చెప్పుకోవడానికి ఏం మిగిలింది?

"చనిపోవాలని అనిపిస్తోందా?" అంతే. గొంతు తగ్గించకుండా, "అన్నం తిన్నారా" అన్నంత మామూలుగా. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడకండి. అలా పుట్టదని పరిశోధనలు తేల్చాయి. ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నారని చాలామందికి బరువు దిగినట్టుంటుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. "చచ్చేంత టెన్షన్", "ఈ పనితో చస్తున్నాను" అని రోజూ అంటూనే ఉంటాం, వాటికి ఉలిక్కిపడక్కర్లేదు. "నేనుంటే ఎంత, పోతే ఎంత", "ఇంట్లోవాళ్లకి భారమైపోయాను", "పిల్లల్ని అక్క చూసుకుంటుందిలే" లాంటివి మాత్రం చప్పుడు లేకుండా వస్తాయి. వాటిలో చావు అనే మాటే ఉండదు. అక్కడ ఆగి అడగండి.

"అవును" అన్నారా? "అలా అనకూడదు, అమ్మానాన్నల గురించి ఆలోచించు" అనకండి. వాళ్ల గురించే రాత్రంతా ఆలోచించి మనకు ఫోన్ చేసి ఉండొచ్చు. "నాతో చెప్పారు, మంచిపని చేశారు. ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అనండి. తర్వాత ఈ రాత్రే ఏమైనా చేసుకోవాలనుకుంటున్నారా, పక్కన ఎవరున్నారు అని తెలుసుకోండి. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే లైన్ వదలకుండానే షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చెయ్యూపి పిలవండి. అందుకే "ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకూడదు.

"పోలీసు కేసవుతుందా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ సంగతి ధైర్యంగా చెప్పండి.

ఇన్‌ఛార్జులకు: ఇలాంటి కాల్ ముగించిన వాలంటీరుకు వెంటనే ఇంకో ఫోన్ ఇవ్వకండి. పది నిమిషాలు పక్కన కూర్చుని చెప్పించుకోండి, ఆ బరువుతోనే ఇంటికి పంపేయకండి. ఇంటర్ ఫలితాల రోజున కొత్తవాళ్లకు ఒంటరిగా డ్యూటీ వేయొద్దు.

ఈ వారం అభ్యాసం: ఇద్దరిద్దరుగా ఒకరికొకరు వీపు పెట్టి కూర్చోండి, ముఖాలు కనబడకూడదు. ఆ ప్రశ్న "కదా" లేకుండా పదిసార్లు అడగండి. మొదట్లో నాలుక తడబడుతుంది. చేస్తుండగా మీ లోపలిదే ఏదైనా కదిలితే అక్కడితో ఆపి 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే పాఠంలో మౌనం గురించి: అవతల ఏడుపు తప్ప మాట రానప్పుడు ఏం చేయాలి.