చిన్న కంపెనీ గేమ్ కన్సోల్ కొన్నారా? మొదటి పది రోజుల్లో ఇవి చూసుకోండి

పార్సిల్ విప్పకముందే ఇంట్లో ఎవరినో ఒకరిని పిలిచి ఫోన్ చేతికిచ్చి వీడియో తీయమనండి. డబ్బా మీది అడ్రసు చీటీ, టేపు కోయడం, కన్సోల్ బయటికి తీయడం, మొదటిసారి పవర్ బటన్ నొక్కడం, ఇవన్నీ ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో ఉండాలి. చైనాలోని షెన్‌జెన్ నుంచి బయల్దేరి, కస్టమ్స్ దాటి, మన చేత డ్యూటీ కట్టించుకుని వైజాగ్ దాకా వచ్చిన వస్తువులో తేడా ఉందంటే అమ్మినవాళ్లు ముందు అడిగేది ఈ వీడియోనే.

చేతిలో పట్టుకుని ఎక్కువగా పాత గేమ్‌లు ఆడుకునే ఈ చిన్న కన్సోళ్లు ఫోన్లలాంటివి కావు. తయారుచేసేది చిన్న కంపెనీలు, తీసేది చిన్న చిన్న బ్యాచ్‌లు. కాబట్టి మొదట కొన్నవాళ్లు ఏం చెబుతారోనని మిగతావాళ్లంతా ఎదురుచూస్తుంటారు. కానీ మొదటి రోజు ఎవరిని అడిగినా రంగు బాగుంది, బరువు సరిపోయింది, చేతిలో గట్టిగా ఉంది అనే అంటారు, ఎందుకంటే ఆ రోజుకి తెలిసేది అంతే. లోపం కనిపించాక అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అది డిజైన్‌లోనే ఉందా (అంటే అందరి పీసుల్లోనూ ఉంటుంది), నా ఒక్క పీసులోనేనా, లేక సాఫ్ట్‌వేర్‌దా? డిజైన్‌దైతే మనం సర్దుకోవాలి లేదా అమ్మేసుకోవాలి, పీసుదైతే రిటర్న్ పెట్టాలి, సాఫ్ట్‌వేర్‌దైతే ఆగాలి. ఏది ఏదో తెలియక ఆగాల్సినచోట గొడవ పెట్టుకుని, గొడవ పెట్టాల్సినచోట ఆగి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలా పోగొట్టుకున్నాను, అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నా.

రెండు ఉదాహరణలు చూడండి. పక్కన తిప్పే హ్యాండిల్ ఉన్న ప్లేడేట్ అనే కన్సోల్‌ను 2021 జులైలో అమ్మకానికి పెడితే 20 నిమిషాల్లోపే 20 వేల పీసులు బుక్కయ్యాయి. తీరా మొదటి 5 వేల పీసులు తయారయ్యాక బ్యాటరీలు సరిగా లేవని బయటపడింది. కంపెనీ అవన్నీ ఫ్యాక్టరీకి తిప్పి పంపి బ్యాటరీలు మార్పించింది, జనం చేతికి 2022లో వచ్చాయి. ఇది హార్డ్‌వేర్ లోపం, ఎంత అప్‌డేట్ చేసినా పోదు. అదే 2022 ఫిబ్రవరి చివర్లో స్టీమ్ డెక్ అనే ఇంకో చేతి కన్సోల్ వచ్చినప్పుడు, వారం తిరక్కుండానే బొటనవేలితో తిప్పే స్టిక్ దానంతటదే కదులుతోందని కొందరు గోల పెట్టారు. చూస్తే కొత్త ఫర్మ్‌వేర్‌లో (కన్సోల్ లోపలి సాఫ్ట్‌వేర్) డెడ్‌జోన్ లెక్క, అంటే స్టిక్ ఎంత కొంచెం కదిలితే పట్టించుకోకూడదన్న లెక్క, చెడింది, ఇంకో అప్‌డేట్‌తో సరిపోయింది. ఆ నాలుగు రోజుల్లో వెనక్కి పంపేద్దామనుకున్నవాళ్లు పంపాలనుకున్నది మంచి పీసునే.

ఇప్పుడు ఛార్జింగ్ సంగతి. కొత్త కన్సోల్ ఛార్జ్ ఎక్కకపోతే వెంటనే కంగారు పడకండి. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో, ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌తో పెట్టి ఉంటారు. ఆ ఛార్జర్ అవతల ఏదో వస్తువు ఉందని గుర్తుపట్టాకే కరెంటు వదులుతుంది. అలా గుర్తుపట్టడానికి పోర్టు దగ్గర రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి, చౌక కన్సోళ్లలో కొన్నిట్లో వాటిని పెట్టరు. పాత రకం వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో, 5 వోల్టుల మామూలు ఛార్జర్‌తో పెట్టండి, ఎక్కేస్తుంది. ఇది డిజైన్ లోపం, అందరి పీసుల్లోనూ ఉంటుంది, కాబట్టి పీసు మార్చినా లాభం లేదు. మా బావ తన కన్సోల్ చచ్చిపోయిందని గాజువాక నుంచి బస్సెక్కి మా ఇంటికి పట్టుకొచ్చాడు. టీవీ వెనక దొరికిన పాత కేబుల్ పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది.

ఎక్కువ టైమ్ బటన్ల మీద పెట్టండి, ముఖ్యంగా డీ-ప్యాడ్ మీద, అంటే నాలుగు దిక్కులకీ నొక్కే ప్లస్ ఆకారపు బటన్ మీద. నన్నడిగితే ఈ కన్సోళ్ల క్వాలిటీ అంతా అక్కడే తెలుస్తుంది. కాంట్రా అనే పాత తుపాకుల ఆట పెట్టి కుడివైపు నొక్కి పట్టుకుని పరిగెత్తించండి. బొటనవేలిని ఎత్తకుండా, ఆటలో మునిగిపోయినప్పుడు వేలు ఎలా కదులుతుందో అలా కొంచెం పైకీ కిందకీ దొర్లించండి. మనవాడు తుపాకీని నేరుగా పట్టుకుని పరిగెత్తాలి. మీరు పైకి నొక్కకుండానే తుపాకీ ఏటవాలుగా లేచినా, కిందికి వాలినా డీ-ప్యాడ్ తప్పు దిక్కు చదువుతోందన్నమాట. అర నిమిషంలో ఎన్నిసార్లు అలా అయిందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. నాలుగు దిక్కులకీ విడివిడిగా చేయండి, ఒక్క ఎడమవైపే చెడ్డగా ఉండొచ్చు. బ్లాకులు పడే ఆటలో పక్కకి జరపబోతే బ్లాకు కిందికి జారిపోవడమూ ఇదే జబ్బు.

తర్వాత 'ఏ', 'బి' బటన్లను మధ్యలో కాకుండా అంచుల మీద నొక్కండి. ఒక్కో అంచున ఇరవైసార్లు. ఇరుక్కుని ఆలస్యంగా లేస్తే అది మీ పీసు లోపమే, వీడియో తీసి పెట్టుకోండి. పైన వేళ్లకి తగిలే భుజం బటన్లు కన్సోల్ ఊపితే గలగలమంటాయి, దానికి మాత్రం భయపడక్కర్లేదు, చాలా మోడళ్లలో అంతే.

నా మొదటి కన్సోల్‌లో పోయింది ఈ డీ-ప్యాడే. అప్‌డేట్ వస్తే పోతుందిలే అనుకుని మూడు వారాలు ఆగాను, రిటర్న్ గడువు దాటిపోయింది. చివరికి జగదాంబ జంక్షన్ దగ్గర ఫోన్లు బాగుచేసే ఒక తమ్ముడి దగ్గరికి తీసుకెళ్తే, వెనక మూత తీసి లోపల రబ్బరు పొర పైకెత్తి చూపించి, "ఏటన్నా, ఇది టీవీ రిమోట్‌లో రబ్బరే కదేటి" అన్నాడు. నిజమే, అదే పద్ధతి. రబ్బరు కింద నల్లటి కార్బన్ బిళ్లలు నాలుగు, బోర్డు మీద వాటికి ఎదురుగా నాలుగు కాంటాక్టులు, బిళ్ల తగిలితే సర్క్యూట్ కలుస్తుంది. నా దాంట్లో ప్లస్ ఆకారపు ప్లాస్టిక్ కింద ఎత్తు చాలక, కుడివైపు నొక్కితే పక్కనున్న బిళ్ల అంచు కూడా తగిలేస్తోంది. ఆ తమ్ముడు ఒక్కో కాంటాక్టులో కొంత భాగం కప్పేలా గడ్డి పరకంత సన్నటి టేపు ముక్కలు అతికించి మూత పెట్టాడు. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత కాంట్రాలో తుపాకీ తిన్నగా నిలబడింది.

ఇది మీరే చేసుకోవాలంటే రిటర్న్ గడువు అయిపోయాకే విప్పండి. విప్పేముందు మెమరీ కార్డు బయటికి తీయాలి, లేకపోతే మూత లాగేటప్పుడు కార్డు విరుగుతుంది. మూత తెరుచుకోగానే మొదట బ్యాటరీ కనెక్టర్ పీకండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో మర్చిపోతాం, అందుకని నేను ఇడ్లీ ప్లేటు గుంటల్లో ఒక్కో మూల స్క్రూని ఒక్కో గుంటలో వేసుకుంటాను.

అనలాగ్ స్టిక్‌లు ఉంటే అవి హాల్ ఎఫెక్ట్ రకమా, మామూలు రకమా చూసుకోండి. మామూలు దాంట్లో లోపల రాపిడి ఉంటుంది, కాలం గడిచేకొద్దీ అరుగుతుంది. హాల్ రకం అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి ఆ అరుగుదల ఉండదు, అయితే స్ప్రింగు వదులు కావడం దానికీ తప్పదు. స్టిక్‌ను చివరిదాకా తోసి టక్కున వదిలేయండి, పదిసార్లు. ప్రతిసారీ పాయింటర్ నడిమధ్యకి రావాలి. రాకపోతే సెట్టింగ్స్‌లో కాలిబ్రేషన్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే పీసు మార్చమని అడగండి.

స్క్రీన్ చూడ్డానికి కరెంటు పోయిన రాత్రి భలే పనికొస్తుంది, లేదా లైట్లన్నీ ఆర్పేయండి. 240పి టెస్ట్ సూట్ అని ఉచితంగా దొరుకుతుంది, పాత గేమ్‌లానే ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్ గేమ్‌లను నడిపే ప్రోగ్రామ్) నడుస్తుంది. దాంట్లో స్క్రీనంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చూపించే పేజీలు ఉంటాయి. నలుపులో మూలల నుంచి వెలుతురు కారుతోందా, తెలుపులో గాజు కింద దుమ్ము ఉందా, రంగుల్లో ఎక్కడైనా చచ్చిన చుక్క ఉందా చూడండి. బొమ్మ జరుగుతున్నప్పుడు గీతలు మినుకుమినుకుమంటే మాత్రం స్క్రీన్ చెడ్డదని రాసేయకండి. గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే పాత కన్సోల్ బొమ్మ వెడల్పు 240 చుక్కలు, ఈ కన్సోళ్లలో ఎక్కువగా ఉండే స్క్రీన్ 640 చుక్కలు. 640ని 240తో భాగిస్తే రెండున్నరకి కొంచెం పైన వస్తుంది, ముక్కల్లో పంచలేక కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా పడతాయి. సెట్టింగ్స్‌లో ఇంటీజర్ స్కేలింగ్ (బొమ్మని పూర్తి రెట్లలోనే పెంచడం) పెడితే బొమ్మ 480 వెడల్పుకి చిన్నదై ఆ మినుకు పోతుంది. పోయిందంటే స్క్రీన్‌లో తప్పు లేనట్టే. అనలాగ్ పాకెట్ అనే కన్సోల్‌కి 1600×1440 స్క్రీన్ పెట్టడం వెనక లెక్క కూడా ఇదే, పాత గేమ్ బాయ్ 160×144కి సరిగ్గా పది రెట్లు.

ఎండ పరీక్ష కూడా చేయండి. సాయంత్రం నాలుగింటికి బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కూర్చుని బ్రైట్‌నెస్ పూర్తిగా పెడితే ఆట కనబడుతోందా, మీ మొహం కనబడుతోందా తెలిసిపోతుంది. ప్లేడేట్‌కి లోపల లైటే లేదు, దాని నలుపు-తెలుపు స్క్రీన్‌కి బయటి వెలుతురే ఆధారం, అందుకే ఎండలో బాగా కనిపిస్తుంది, రాత్రి మంచం మీద మాత్రం బెడ్‌ల్యాంప్ వేసుకోవాల్సిందే.

ఇక పై ప్లాస్టిక్. మన ఊళ్లో ఉండేవాళ్లు దీని గురించి మిగతావాళ్లకంటే ఎక్కువ ఆలోచించాలి. పట్టుకోగానే మెత్తగా, రబ్బరులా తగిలే పూత ఉంటే మొదట కొన్నవాళ్లంతా దాన్ని తెగ మెచ్చుకుంటారు. ఆ పూతకి తేమ పడదు. ఏళ్లు గడిచేకొద్దీ గాల్లోని చెమ్మకి విడిపోయి, బెల్లంపాకంలా వేళ్లకి అంటుకుంటుంది. నేనుండే లాసన్స్ బే కాలనీలో సముద్రం నడిచివెళ్లేంత దూరం, ఏడాదిలో సగం ఉక్కపోతే, పాత రబ్బరు పూత మౌస్ ఒకటి అలాగే జిగురైపోయి పారేశాను. పూత ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. పొడి వేలితో మూత మీద రాస్తే వేలు పట్టేసినట్టు ఆగితే పూత, సర్రున జారితే గరుకు ప్లాస్టిక్. నేనైతే ఇక్కడ ఎప్పుడూ గరుకు ప్లాస్టిక్‌దే కొనమంటాను, చేతికి కొంచెం చౌకగా అనిపించినా సరే.

ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, ఛార్జింగ్ పోర్టులో చిలుము పడుతుంది. జిప్ ఉన్న పౌచ్‌లో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. ఏసీ గదిలో గంటలకొద్దీ ఆడిన కన్సోల్‌ని ఒక్కసారిగా బాల్కనీలోకి తీసుకురావద్దు, కళ్లజోడు మీద పట్టినట్టే దాని మీదా చెమ్మ పడుతుంది. పౌచ్‌లో పెట్టి తీసుకొచ్చి, పావుగంట ఆగి విప్పండి.

మడతపెట్టే రకమైతే బందుల దగ్గర టార్చ్ వేసి వెంట్రుకంత చీలిక ఏమైనా ఉందేమో మొదటి రోజే ఫోటో తీసుకోండి, పదో రోజు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సగం తెరిచి వదిలితే ఆ కోణంలో ఆగాలి.

బ్యాటరీకి రెండే పరీక్షలు. నిండా ఛార్జ్ చేసి, వైఫై ఆపి, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి ఒకే ఆట ఎన్ని గంటలు నడిచిందో రాయండి. ఇంకోటి, రాత్రి స్లీప్‌లో పెట్టి పడుకుని పొద్దున ఎంత తగ్గిందో చూడండి. దాంతోపాటు గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తట్టండి. మొదట్లో సమంగా కూర్చున్నది తర్వాత ఊయలలా ఊగుతుంటే బ్యాటరీ ఉబ్బుతున్నట్టు అనుమానించి ఛార్జింగ్ ఆపేయండి.

డబ్బాతో వచ్చిన మెమరీ కార్డుని నమ్మకండి. పేరున్న కంపెనీ కార్డు కొని, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లో దాని అసలు సైజు తేల్చుకుని, పాతదాంట్లో ఉన్నదంతా అందులోకి కాపీ చేయండి. కన్సోల్ ఆన్ కావట్లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ కార్డు పోవడం వల్ల వచ్చేవే.

ఇవన్నీ చూశాక మీ అభిప్రాయం నలుగురికీ చెప్పేటప్పుడు ఏ నెలలో కొన్నారో, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఏదో, ఎన్ని గంటలు ఆడాక చెబుతున్నారో తప్పకుండా చెప్పండి. "బటన్లు సూపర్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు, "'బి' బటన్ ఎడమ అంచున ఇరవైసార్లు నొక్కితే మూడుసార్లు ఇరుక్కుంది" అంటే అదే కొన్న ఇంకొకరు తమ దాంట్లో నొక్కి చూసుకుంటారు. ఇద్దరు ముగ్గురికి అలాగే అయితే అది బ్యాచ్ లోపమని తేలుతుంది, కంపెనీవాళ్లు ఒక్కరి మాట కొట్టిపారేసినట్టు దాన్ని కొట్టిపారేయలేరు.

రిటర్న్ గడువు తేదీని ఇవాళే డబ్బా మూత మీద స్కెచ్‌పెన్‌తో పెద్దగా రాయండి. దానికి రెండు రోజుల ముందు కాంట్రా పరీక్ష ఇంకోసారి చేసి, మొదటి రోజు కాగితం పక్కన పెట్టి చూడండి. అంకె పెరిగి ఉంటే అప్‌డేట్ కోసం ఆగకుండా ఆ సాయంత్రమే వీడియో జతచేసి మెయిల్ పెట్టేయండి.