‘ఊనా వోచే పోకో ఫా’: కొలరతూరా సొప్రానోలు సాధన చేయాల్సిన పద్ధతి

ఇటలీ స్వరకర్త రొస్సీని హాస్య ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ‘ఇల్ బార్బియేరే దీ సివీల్యా’ 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లోని తియాత్రో అర్జెంతీనాలో మొదటిసారి ప్రదర్శించారు. అందులో కథానాయిక రోజీనా పాడే ఈ ఆరియా (ఒంటరిగా పాడే పాట) ‘ఊనా వోచే పోకో ఫా’ నిజానికి సొప్రానో (ఆడగొంతుల్లో అన్నిటికంటే ఎత్తైనది; వేగమైన స్వరాల పరుగులు పాడేదాన్ని కొలరతూరా అంటారు) కోసం రాసింది కాదు. జెల్త్రూదే రిగెత్తి జోర్జి అనే గాయని కాంట్రాల్టో (ఆడగొంతుల్లో అన్నిటికంటే కిందిది) గొంతు కోసం ఇ మేజర్‌లో రాశాడు. తర్వాతి కాలంలో సొప్రానోలు దాన్ని అర స్వరం పైకెత్తి ఎఫ్ మేజర్‌లో పాడటం అలవాటు చేశారు. కాబట్టి మొట్టమొదట తేల్చుకోవాల్సింది శ్రుతి. మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి) కిందికి దిగే చోట్ల కూడా మీ గొంతు నిండుగా పలుకుతుంటే ఇ మేజర్‌లోనే ఉండండి. అక్కడ గాలి తప్ప నాదం లేకపోతే ఎఫ్ మేజర్ తీసుకోండి. ఏది తీసుకున్నా పియానో వాయించేవారికి అదే శ్రుతిలో అచ్చయిన ప్రతి ఇవ్వాలి. ఆడిషన్లలో ఒక శ్రుతిలో నేర్చుకుని ఇంకో శ్రుతిలో ఉన్న స్కోరు పట్టుకెళ్లడం తరచూ జరిగే పొరపాటు.

ఈ ఆరియాను పాడుచేసేది చాలావరకు సాధనలో వరుస తప్పడమే. ముందు స్వరాల పరుగులు పట్టేసి, మాటలు చివర్లో అతికిస్తారు. అప్పుడు గొంతు వినిపిస్తుంది, రోజీనా వినిపించదు. ఆమె సంరక్షకుడి ఇంట్లో కట్టుబాటులో ఉన్న పిల్ల. తాను ప్రేమించిన లిందోరోను దక్కించుకుని తీరతానని ఒట్టు పెట్టుకుంటోంది. ఆ వేగమంతా ఆమె బుర్ర పనిచేస్తున్న వేగం. అందుకే మాటలతో మొదలుపెట్టండి.

ఇటాలియన్ పలకడంలో తెలుగువారికి రెండు సౌకర్యాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఇటాలియన్ ‘తి’, ‘ది’ మన త, ద లాగే పళ్లకు తగులుతాయి, ట, డ లాగా కాదు. ‘దోచిలే’ అనాలి, ‘డోచిలే’ అనకూడదు. రెండో సౌకర్యం ద్విత్వం. ‘రిస్పెత్తోసా’, ‘ఒబ్బెదియెంతే’, ‘తొక్కానో’, ‘త్రాప్పోలే’లలో మన వత్తు ఎంతసేపు ఆగుతుందో అంతసేపు హల్లు ఆగాలి. ‘వీపెరా’లో మాత్రం ఒక్క ‘ప’కారమే. దాన్ని కూడా వత్తితే తాళం వెనకబడుతుంది. క, త, ప లలో ఊపిరి కలవకూడదు. పంక్తులన్నీ ముందు స్వరం లేకుండా తాళంలో చదవండి, అచ్చులు మసకబారకుండా వచ్చాకే రాగంలో పెట్టండి.

మొదటి భాగం, ఆందాంతే, నిదానంగా నడుస్తుంది. ఇక్కడ ప్రమాదం తొందర కాదు, బరువు. ‘లో జురాయి, లా విన్చెరో’ (ఒట్టు పెట్టుకున్నాను, గెలుస్తాను) దగ్గర గొంతు లావు చేసి పాడితే, రెండో భాగానికి వచ్చేసరికి అది తేలిక కోల్పోతుంది. మాట గట్టిగా, నాదం సన్నగా ఉంచండి.

రెండో భాగం మోదెరాతో, అంటే ఓ మోస్తరు వేగం. ‘ఇయో సోనో దోచిలే’ అంటూ తాను సాధువునని, మర్యాద తెలిసినదాన్నని, చెప్పినట్టు నడుచుకుంటానని వరసగా చెబుతుంది. తర్వాత ‘మా’ వస్తుంది, అంటే ‘కానీ’. నా బలహీనత మీద చెయ్యి వేశారో విషసర్పాన్నవుతాను, లొంగేముందు నూరు ఉచ్చులు పన్నుతాను అంటుంది. ఆరియా మొత్తం ఆ ఒక్క అక్షరం మీద తిరుగుతుంది. దాని ముందు నిశ్శబ్దం కావాలి, కానీ ఆ నిశ్శబ్దంలో కళ్లు మారాలి, ఊపిరి మారాలి. అక్కడ గట్టిగా అరవడం, మరీ సాగదీయడం రెండూ హాస్యాన్ని చంపుతాయి. ‘మా’ మీద ఏ అలంకారమూ పెట్టకండి.

ఇక పరుగుల సాధన. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 56 దెబ్బల దగ్గర పెట్టి, దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున మొదలుపెట్టండి. ముందు నాలుగు స్వరాలు పాడి, ఐదోదాని మీద ఆగండి. అది శుభ్రంగా వచ్చాక ఎనిమిది పాడి తొమ్మిదోదాని మీద ఆగండి. ఆ తర్వాత మొత్తం. తర్వాత అదే పరుగును పొడుగు పొట్టి లయలో, ఆపైన పొట్టి పొడుగు లయలో తిప్పండి. ఏ స్వరం బద్ధకిస్తోందో అక్కడ బయటపడుతుంది. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే మెట్రోనోమ్ 4 పెంచండి. ఒక విడతకు 15 నిమిషాలు చాలు. అలసిన గొంతు నేర్చుకునేది అలసటనే.

తప్పులకు కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ప్రతి స్వరానికీ ‘హ’ చేరుతోందంటే గాలి వృథా అవుతోంది, పరుగు సగంలోనే ఊపిరి అయిపోతుంది. అచ్చును ఒకటిగా పట్టుకుని, దెబ్బలో మొదటి స్వరాన్ని మాత్రం కాస్త నొక్కితే అది పోతుంది. దవడ ఊగుతోందంటే నాలుక వేర్లు బిగిశాయి. గడ్డం మీద రెండు వేళ్లు ఆనించి పాడి చూడండి. పైకి వెళ్లే పరుగులు సాధారణంగా బరువెక్కి శ్రుతి తగ్గుతాయి, కిందికి దిగేవి తొందరపడి కలిసిపోతాయి. కాబట్టి ఎక్కేటప్పుడు నాదం తగ్గించండి, దిగేటప్పుడు స్వరాలు లెక్కపెట్టండి. కర్ణాటక సంగీతం నేర్చిన గొంతులో స్వరం నుంచి స్వరానికి గమకంలా జారే అలవాటు ఉంటుంది. ఇక్కడ ప్రతి స్వరం తన స్థానంలో నిలకడగా పుట్టాలి, అయినా మధ్యలో తెగకూడదు. మిడిల్ సి పైన వచ్చే రెండో ఎఫ్ దాటాక ‘ఇ’కారం ఇరుకైపోతే దాన్ని కొంచెం ‘ఎ’ వైపు తెరవండి.

అలంకారాలకు ఒక మంచి నియమం: మొదటిసారి రాసింది రాసినట్టు, ‘మా సే మీ తొక్కానో’ తిరిగి వచ్చినప్పుడు సంగతులు. శ్రోత అసలు రాగం వినకపోతే మార్పు తెలియదు కదా. రొస్సీనియే గాయనుల కోసం అలంకారాలు రాసిచ్చేవాడు, కాబట్టి పెట్టడం తప్పేమీ కాదు. అయితే గాయని అడెలీనా పాత్తి ఈ ఆరియాను అలంకారాలతో నింపి పాడితే, దీన్ని రాసిందెవరని ఆయనే అడిగాడని ప్రసిద్ధి. ప్రతి సంగతికీ మాటలో కారణం ఉండాలి: ‘వీపెరా’ (విషసర్పం) మీద చురుకైన మెలిక, ‘చెంతో త్రాప్పోలే’ (నూరు ఉచ్చులు) మీద ఒకదాని వెనక ఒకటి పన్నినట్టు స్టకాటో (విడివిడిగా తెంపి పలికే స్వరాలు). ‘దోల్చే, అమోరోసా’ను (తీయనిదాన్ని, ప్రేమగలదాన్ని) అలంకారం లేకుండా వదిలేయండి, అక్కడ ఆమె బుద్ధిమంతురాలిగా నటిస్తోంది.

పైస్వరం ఎంచుకునేటప్పుడు, సాధనలో రోజూ నమ్మకంగా వచ్చే అత్యున్నత స్వరానికి ఒక పూర్తి స్వరం కిందే ఆగండి. ఎప్పుడో ఒకసారి పలికే హై ఎఫ్ కన్నా ప్రతిసారీ మెరిసే హై సి మేలు. కదెంజా (వాద్యం ఆగినప్పుడు గాయని ఒంటరిగా పాడే అలంకారం) ఒక్క ఊపిరిలో అయిపోయేలా కుదించండి. దాన్ని స్వరాలతో రాసి పియానో వాయించేవారికి ఇవ్వండి, తిరిగి కలవాల్సిన చోటుకు ముందు స్వరాన్ని లేదా ట్రిల్‌ను (పక్కపక్కనున్న రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి పాడటం) గుర్తుపెట్టండి. ట్రిల్ రాకపోతే వణుకుతో కప్పిపుచ్చకండి. రెండు స్వరాలనూ నెమ్మదిగా మార్చుతూ, పైదాన్ని కాస్త నొక్కుతూ నెలల తరబడి చేయాల్సిన సాధన అది. వచ్చేదాకా ఆ చోట చిన్న మలుపు పెట్టుకోవచ్చు.

గొంతు బాగా తేలికైనదైతే ముందు మరో ఇటలీ స్వరకర్త దోనిజెత్తి ఒపెరా ‘దోన్ పస్క్వాలే’లోని నోరీనా ఆరియా ‘క్వెల్ గ్వార్దో ఇల్ కవలియేరే’ నేర్చుకోవడం మంచిది. 1843 జనవరి 3న పారిస్‌లో తొలి ప్రదర్శనలో దాన్ని పాడిన జూలియా గ్రీసీ సొప్రానోయే, అందుకే శ్రుతి మార్చే గొడవ లేదు. అందులో నోరీనా ప్రేమకథ చదువుతూ చదువుతూ పక్కున నవ్వి, ఈ మాయలన్నీ నాకూ తెలుసంటుంది. ఆ నవ్వును తాళంలో సాధన చేయండి. తాళం తప్పిన నవ్వు తర్వాతి పంక్తి ఊపిరిని తినేస్తుంది.